స్క్రూ తిప్పడం చివరి పని



అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర మొదలై పంజాగుట్ట కూడలి దాకా సాగే దారి రెండు కిలోమీటర్లకు మించదు. సాయంత్రం ఆఫీసులు, కోచింగ్ సెంటర్లు వదిలే వేళ ఆ దారిలో స్కూటర్లు, మోటారు సైకిళ్లు కదిలేది కొంచెం, నిలబడేది ఎక్కువ. నిలబడ్డప్పుడు వాటి చప్పుడు గమనించండి. కొన్ని తొణక్కుండా ఒకే లయలో కొట్టుకుంటాయి. కొన్ని యాక్సిలరేటర్ మీద చెయ్యి లేకపోయినా అరుస్తూనే ఉంటాయి. ఇంకొన్ని దగ్గుతూ, ఆగిపోబోతూ, నడిపేవారు రేజ్ ఇస్తూ ఉంటేనే ఊపిరి పట్టుకుని ఉంటాయి. కార్బ్యురేటర్ ఉన్న ఇలాంటి బండిని మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్తే ఎక్కువసార్లు జరిగేది ఒక్కటే. ఆయన స్క్రూడ్రైవర్ తీస్తాడు, కార్బ్యురేటర్ పక్కనున్న స్క్రూని అర చుట్టు తిప్పుతాడు, చప్పుడు మారుతుంది, పని అయిపోయిందంటాడు. ఈ అలవాటు మీదనే నా అభ్యంతరం. ఐడ్లింగ్ నిలవకపోవడం ఒక లక్షణం మాత్రమే. దాని మూలం చాలాసార్లు ఆ స్క్రూకి దూరంగా ఎక్కడో ఉంటుంది. కాబట్టి స్క్రూ తిప్పడం ట్యూనింగులో చివరికి రావలసిన పని. దాన్ని మొదటికి తెచ్చినందువల్ల బండికీ నష్టమే, ఆ బండి వెనక నిలబడి గాలి పీల్చే మనకూ నష్టమే.

ఐడ్లింగులో కార్బ్యురేటర్ లోపల ఏం జరుగుతుందో ముందు చూద్దాం. బండి పరుగెడుతున్నప్పుడు ఇంజిన్ పీల్చే గాలి కార్బ్యురేటర్ ఇరుకు గొంతులోంచి వేగంగా దూసుకుపోతుంది. వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది. ఆ తగ్గుదలే కింద గిన్నెలోని పెట్రోలును మెయిన్ జెట్ గుండా పైకి లాగి తుంపరలుగా గాలిలో కలుపుతుంది. ఇటలీ శాస్త్రవేత్త వెంచురి 1797లో నీటి ప్రవాహాల గురించి రాసిన సూత్రమే మన వీధి బండిలో పెట్రోలును మోస్తోంది. అయితే యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఈ సూత్రం అక్కరకు రాదు. గాలి దారిని మూత దాదాపు మూసేస్తుంది, గొంతులో గాలి వేగం పడిపోతుంది, మెయిన్ జెట్ నుంచి చుక్క కూడా లేవదు. అప్పుడు మూత అవతల, ఇంజిన్ వైపున మాత్రం బలమైన పీల్పు ఉంటుంది. దాన్ని వాడుకోవడానికి అక్కడ సూదిమొన అంత రంధ్రం పెట్టి, పైలట్ జెట్ అనే చిన్న ఇత్తడి ముక్క ద్వారా విడిగా పెట్రోలు అందిస్తారు. ఆ జెట్‌లోని దారి అర మిల్లీమీటరు కన్నా సన్నం. గిన్నెలో పెట్రోలు ఆవిరైపోయాక మిగిలే జిగురు పొర దాన్ని మూసెయ్యడానికి చాలు. నెల రోజులు షెడ్డులో ఉన్న బండి చోక్ మీద స్టార్ట్ అయి, చోక్ తియ్యగానే ఆగిపోయేది ఎక్కువగా ఇందుకే.

ఇక్కడ రెండు స్క్రూలు ఉంటాయి, వాటి పనులు వేరు. ఐడ్లింగ్ స్క్రూ గాలి దారిని ఎంత తెరిచి ఉంచాలో చెబుతుంది. రెండోది మిశ్రమం స్క్రూ. పెట్రోలూ గాలీ ఏ పాళ్లలో కలవాలో దాని చేతిలో ఉంటుంది. ఈ రెండో దానిలోనూ రెండు జాతులున్నాయి. గాలి ఫిల్టర్ వైపున ఉంటే అది గాలిని అదుపు చేసే స్క్రూ, బయటికి వదిలితే మిశ్రమం పల్చబడుతుంది. ఇంజిన్ వైపున ఉంటే అది తయారైన మిశ్రమాన్ని వదిలే స్క్రూ, బయటికి వదిలితే చిక్కబడుతుంది. అంటే ఒక బండికి మందైన మలుపు మరో బండికి విషం. యమహా ఆర్‌ఎక్స్ 100 మీద చెయ్యి తిరిగిన మెకానిక్ ఆ అలవాటునే మరో రకం కార్బ్యురేటర్ మీద ప్రయోగిస్తే ఫలితం తలకిందులవుతుంది. ఇదేదో పుస్తకాల్లోని సూక్ష్మం కాదు, రోడ్డు మీద నల్లపొగగానో, మిస్సింగ్‌గానో కనిపించే తేడా.

సాధారణంగా 100 సీసీ నాలుగు స్ట్రోకుల మోటారు సైకిల్‌కి కంపెనీలు చెప్పే ఐడ్లింగ్ వేగం నిమిషానికి 1400 చుట్ల ప్రాంతం, అటూ ఇటూ ఒక వంద. రెండు చుట్లకు ఒకసారి పెట్రోలు మండుతుంది కాబట్టి సెకనుకు దాదాపు 12 సార్లు. అందులో రెండు మూడు సార్లు మంట అందుకోకపోతే చెవికి అది దగ్గులా వినిపిస్తుంది. ఎందుకు అందుకోవడం లేదన్నది అసలు ప్రశ్న. టాపెట్ సందు బిగుసుకుపోయి వాల్వు పూర్తిగా మూసుకోకపోతే కంప్రెషన్ తగ్గి మంట బలహీనపడుతుంది. కొన్ని బండ్లలో ఈ సందు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే, తేడా కంటికి కనపడదు. కార్బ్యురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్యనున్న రబ్బరు పగిలితే లెక్కలో లేని గాలి దొంగదారిన చొరబడుతుంది. ప్లగ్గు సందు పెరిగితే నిప్పురవ్వ దూకలేదు. గాలి ఫిల్టర్ దుమ్ముతో పూడితే మిశ్రమం చిక్కబడుతుంది. ఇందులో ఏ ఒక్కటీ ఐడ్లింగ్ స్క్రూతో బాగుపడేది కాదు. స్క్రూ బిగిస్తే గాలి దారి ఇంకాస్త తెరుచుకుని, లోపం ఉన్న ఇంజిన్ ఎక్కువ వేగంతో తిరుగుతుంది, ఆ వేగంలో దగ్గు వినపడదు. జ్వరం చూపిస్తోందని థర్మామీటరు విదిలించడం లాంటి వైద్యం ఇది.

పైగా ఆ పెంచిన వేగానికి వేరే ఖరీదు ఉంది. గేరులోకి వేసినప్పుడల్లా బండి ఠక్కుమని అదురుతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ తోస్తూనే ఉంటుంది కాబట్టి బ్రేకుల మీద భారం పెరుగుతుంది. గేర్లు లేని స్కూటర్ అయితే మరీ చెడ్డది. అందులో క్లచ్ ఇంజిన్ వేగాన్ని బట్టి దానంతట అదే పట్టుకుంటుంది. ఐడ్లింగ్ బాగా పెంచేస్తే సిగ్నల్ దగ్గర నిలబడ్డ స్కూటర్ లోపల క్లచ్ రాసుకుంటూ ఉంటుంది, బ్రేక్ వదిలితే బండి ముందుకు పాకుతుంది. వేగం మరీ తగ్గించినా మంచిది కాదు, ఆయిల్ పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది కాబట్టి పై భాగాలకు నూనె సరిగా అందదు. కంపెనీ చెప్పిన అంకెకు ఇలాంటి కారణాలున్నాయి.

మన దగ్గర ఇంకో అలవాటు ఉంది, అది మైలేజీ కోసం మిశ్రమాన్ని పల్చగా పెట్టించుకోవడం. పెట్రోలు ధర చూస్తే ఆ కోరికను తప్పుపట్టలేం. అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ కోర్సులు చేసే కుర్రాడికి లీటరుకు అయిదు కిలోమీటర్లు పెరగడం చిన్న విషయం కాదు. అయితే ఐడ్లింగ్ దగ్గర పల్చదనం పొదుపుని ఇవ్వదు. బరువు లెక్కన 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుతుందని అందరూ చెప్పే సూత్రం. కానీ ఐడ్లింగులో సిలిండర్‌లోకి వచ్చేది చాలా కొద్ది మిశ్రమం, అందులోనూ ముందటి మంట మిగిల్చిన పొగ కొంత కలిసిపోతుంది. ఆ పొగ మంటను అణుస్తుంది. అందుకే కార్బ్యురేటర్ ఇంజిన్‌కి నిదానంలో ఆ సూత్రం కన్నా కాస్త చిక్కటి మిశ్రమమే కావాలి. దాన్ని పల్చబరిస్తే కొన్ని మంటలు తప్పిపోయి, మండని పెట్రోలు సైలెన్సర్‌లోంచి నేరుగా రోడ్డు మీదకు పోతుంది. దాన్ని హైడ్రోకార్బన్ అని పొగ పరీక్ష యంత్రం చూపిస్తుంది. మరీ చిక్కబరిస్తే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. రెంటి మధ్యనున్న సన్నటి చోటే సరైన ట్యూనింగ్. ఇంజిన్ నున్నగా నిలిచే స్థానం సాధారణంగా ఆ చోటనే ఉంటుంది కాబట్టి చెవిని కూడా ఒక కొలతగా నమ్మవచ్చు.

ఆ సన్నటి చోటు హైదరాబాద్‌లో ఎక్కడుందో ముందే చెప్పలేం, ఇది నాకు చాలా ఆసక్తిగా తోచే విషయం. ఈ నగరం సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. విజయవాడలో, కాకినాడలో ఉన్న గాలి కన్నా ఇక్కడి గాలి ఆరు శాతం దాకా పల్చన. కార్బ్యురేటర్ లెక్కలో ఆ తేడా మిశ్రమాన్ని సుమారు మూడు శాతం చిక్కబరుస్తుంది. కోస్తాలో ట్యూన్ చేయించి అమీర్‌పేటకు తెచ్చుకున్న బండి ఇక్కడ కాస్త మందంగా నడిచేది అందుకే. ఇక మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలకూ డిసెంబరు తెల్లవారుజాము 15 డిగ్రీలకూ మధ్య గాలి సాంద్రత తొమ్మిది శాతం దాకా మారుతుంది. దీని మీద ఇథనాల్ వచ్చింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో ప్రారంభించారు, 2025 నాటికి అది దేశమంతటా మామూలు ఇంధనం అయింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ దాని అణువులోనే ఉంది కాబట్టి మండడానికి అంత గాలి అక్కర్లేదు, 14.7 దగ్గరున్న లెక్క ఈ ఇంధనానికి 13.5 ప్రాంతానికి దిగుతుంది. కంప్యూటర్ ఉన్న బండి దీన్ని సర్దుకుంటుంది. కార్బ్యురేటర్‌లో ఇత్తడి రంధ్రం ఎంత ఉందో అంతే, అందుకని పాత లెక్కకు బిగించిన బండి కొత్త ఇంధనంతో పల్చబడుతుంది. అంటే ఎత్తు ఒక వైపు లాగుతోంది, ఇథనాల్ మరో వైపు, ఎండ ఎత్తు వైపు. వీటిలో ఏది ఏ బండిలో గెలుస్తుందో ఎవరూ తూచి చెప్పలేరు. అందుచేత మిశ్రమం స్క్రూని ఒకటిన్నర చుట్లు వదలాలని ఎక్కడో విన్న సూత్రం ప్రతి బండికీ పనికిరాదు. అది మొదలుపెట్టే చోటు మాత్రమే. అక్కడి నుంచి ఆ ఇంజిన్‌ని, ఆ ఊళ్లో, ఆ పెట్రోలుతో విని సరిచేసుకోవాలి.

సరిచేసే తీరులో మంత్రం ఏమీ లేదు, వరుస ఉంది. ముందు ఫిల్టర్, ప్లగ్గు, టాపెట్లు, యాక్సిలరేటర్ కేబుల్‌లో ఉండవలసిన వదులు చూడాలి. గిన్నె కింది స్క్రూ విప్పి పాత పెట్రోలు వదిలెయ్యాలి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి వానాకాలంలో ఇది మరీ అవసరం. పైలట్ జెట్‌ని విప్పి గాలితో ఊది, వెలుతురుకు పట్టి చూడాలి, తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై జెట్ పాడవుతుంది. రబ్బరు జాయింట్ దగ్గర గాలి లీకు ఉందేమో చూడాలి. ఇంతా అయ్యాక బండిని పది నిమిషాలు నడిపి ఇంజిన్‌ని పూర్తిగా వేడెక్కించాలి. చల్లటి ఇంజిన్ మీద చేసిన ట్యూనింగ్ సిగ్నల్ చేరేసరికి చెడుతుంది. అప్పుడు మిశ్రమం స్క్రూని మెల్లగా లోపలికి ఆనేదాకా తిప్పి, ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టి, కంపెనీ చెప్పినంత వెనక్కి తియ్యాలి. ఆ తర్వాత పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ, ప్రతిసారీ ఇంజిన్‌కి కాస్త వ్యవధి ఇచ్చి, ఎక్కడ వేగం అన్నిటికన్నా ఎక్కువై నున్నగా తిరుగుతుందో పట్టుకోవాలి. అక్కడ ఆగి, పెరిగిన వేగాన్ని ఐడ్లింగ్ స్క్రూతో కిందికి దించాలి. మళ్లీ ఒకసారి మిశ్రమం, మళ్లీ వేగం. చివరికి ఒక్కసారి రేజ్ ఇచ్చి వదిలి చూడాలి. వేగం పైనే వేలాడి నెమ్మదిగా దిగితే పల్చన, లేదా ఎక్కడో గాలి లీకు. కిందికి పడిపోయి ఆగబోయి మళ్లీ లేస్తే చిక్కన. నేరుగా వచ్చి తన స్థానంలో నిలిస్తే సరిపోయినట్టు.

ఇప్పుడు అభ్యంతరాలు. కార్బ్యురేటర్ల కాలం అయిపోయింది కదా, ఇంకా దీని గురించి మాట్లాడడం ఎందుకని అడగవచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు వచ్చాక కొత్త ద్విచక్ర వాహనాలు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిన మాట నిజం. కరెంటు స్కూటర్లూ పెరుగుతున్నాయి. కానీ 2018-19 ఒక్క ఏడాదిలోనే దేశంలో రెండు కోట్లకు పైగా ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యాయి, వాటిలో అత్యధికం కార్బ్యురేటర్ బండ్లే. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. 2020 మార్చిలో కొన్న బండికి 2035 దాకా రోడ్డు మీద హక్కుంది. కొత్త బండ్లు వస్తున్నకొద్దీ పాతవి చేతులు మారి, డెలివరీ పనులకూ, చదువుకునే పిల్లలకూ చేరుతున్నాయి. అంటే రోజంతా ట్రాఫిక్‌లో నిలబడేవారి చేతుల్లోకే, సర్వీసు మీద ఖర్చు పెట్టడానికి వెనకాడేవారి చేతుల్లోకే. కార్బ్యురేటర్ తెలిసిన మెకానిక్‌లు తగ్గిపోతున్న ఈ పదేళ్లే దాన్ని సరిగా చూసుకోవలసిన కాలం.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపేస్తే ఐడ్లింగ్ గొడవే ఉండదు కదా అంటారు. నేనూ ఆపమనే చెబుతాను. ఎరుపు దీపం పక్కన అంకె 30కి పైన కనిపిస్తే తాళం తిప్పెయ్యడమే మంచిది. కానీ ఎక్కువమంది ఎందుకు ఆపరు? ఆకుపచ్చ పడ్డాక బండి మళ్లీ స్టార్ట్ అవుతుందో లేదో నమ్మకం లేక, వెనక హారన్లకు భయపడి. ఆ అపనమ్మకానికి మూలం మళ్లీ అదే పైలట్ జెట్ సన్నటి రంధ్రం. నిదానంలో నిలబడలేని బండే స్టార్టింగులోనూ సతాయిస్తుంది, వేడి ఇంజిన్‌కి రెండు వేళలా పెట్రోలు ఆ దారినే రావాలి. ఐడ్లింగ్ సరిగా ఉన్న బండి మొదటి కిక్‌కో, బటన్ నొక్కగానేనో అందుకుంటుంది, అందుకే దాన్ని ధైర్యంగా ఆపగలం. ఆపడానికైనా ముందు ట్యూనింగ్ సరిగా ఉండాలి.

పంజాగుట్ట లాంటి చోట ఇది ఎందుకు పట్టించుకోవాలో కూడా చెప్పాలి. పైన మెట్రో వంతెన, పక్కన ఫ్లైఓవర్, రెండు వైపులా ఎత్తైన భవనాలు. బండ్లు నిలిచే చోట పుట్టిన పొగ అంత తేలిగ్గా చెదిరిపోదు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు, అది రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ఆ కూడలికి దగ్గర్లోనే నిమ్స్ ఆస్పత్రి ఉంది. గుండె జబ్బులతో, ఊపిరితిత్తుల జబ్బులతో ఆటోల్లో, బస్సుల్లో వచ్చేవారు ఆ ట్రాఫిక్‌లోనే నిలబడి లోపలికి వెళ్తారు. ట్రాఫిక్ కానిస్టేబుల్ పూటంతా అక్కడే నిలబడతాడు. ఒక బండి పొగ ఎంతని కొట్టిపారెయ్యలేం. నిలబడేది ఒక బండి కాదు కదా.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది, ఇక చాలునని మూడో మాట. 2000 మార్చి 31 తర్వాత, భారత్ స్టేజ్ 6కి ముందు తయారైన నాలుగు స్ట్రోకుల ద్విచక్ర వాహనాలకు ఐడ్లింగులో కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం, హైడ్రోకార్బన్ 4500 పీపీఎం దాటకూడదు. భారత్ స్టేజ్ 2, 3 పెట్రోలు కార్లకు ఆ మొదటి అంకె 0.5 శాతమే. పాత మోటారు సైకిల్‌కి ఇచ్చిన హద్దు అంత వెడల్పు కాబట్టి ట్యూనింగ్ సగం చెడిన బండి కూడా పాసవుతుంది. సర్టిఫికెట్ చట్టానికి సమాధానం చెబుతుంది, ఇంజిన్ సంగతి చెప్పదు. కానీ ఆ కాగితం మీద పాస్ అన్న మాటతో పాటు అంకెలు కూడా ఉంటాయి. వాటిని చదివే అలవాటు మనకు లేదు.

ఇక మెకానిక్ వైపు నుంచి ఒక న్యాయమైన మాట ఉంది. నేను చెప్పిన వరుస ప్రకారం చెయ్యడానికి గంట పడుతుంది, స్క్రూ తిప్పడానికి నిమిషం. చిన్న షెడ్డుకు అద్దె కట్టుకునే మనిషిని గంట పని చెయ్యమని, నిమిషం పనికిచ్చే డబ్బు చేతిలో పెడితే ఆయన నిమిషం పనే చేస్తాడు. తప్పు ఆయనది కాదు. టాపెట్లు చూసి, జెట్ విప్పి శుభ్రం చేసి, వేడి ఇంజిన్ మీద ట్యూన్ చెయ్యమని అడిగి, ఆ పనికి తగిన కూలి ముందే మాట్లాడుకోవాలి. స్క్రూ ఎన్ని చుట్ల దగ్గర నిలిచిందో బిల్లు వెనక రాయించుకుంటే ఎండలు ముదిరినప్పుడు మళ్లీ మొదటినుంచి వెతుక్కునే పని తప్పుతుంది. ఆపైన పెట్రోలు బంకు పక్కన ఆగి ఉండే పొగ పరీక్ష వ్యాను దగ్గర ట్యూనింగ్‌కి ముందొకసారి, తర్వాతొకసారి గొట్టం పెట్టించి, కార్బన్ మోనాక్సైడ్ అంకె, హైడ్రోకార్బన్ అంకె రెండూ చదివి చెప్పమనండి. రెండూ కలిసి దిగితే మెకానిక్ చెవి సరిగా పట్టుకున్నట్టే. ఒకటి దిగి ఇంకొకటి ఎక్కితే స్క్రూ ఇంకా పావు చుట్టు తప్పులో ఉండవచ్చు. ఆ కాగితం తీసుకుని అదే షెడ్డుకి తిరిగి వెళ్లి చూపించండి.